జ్ఞానతండ్రి ఎంచిపెట్టిన చదువు

లిజెట్ సీర్‌కి పదకొండేళ్ళప్పుడు ఆమె తండ్రి లూసియాన్ చెయ్యి బంగాళాదుంపలు తవ్వే యంత్రంలో పడింది. సెప్టెంబరు కోతల రోజులు. దుంపల కోసం బళ్ళు మూసేస్తారు కాబట్టి ఊళ్ళో పిల్లలంతా చేలలోనే ఉన్నారు. లిజెట్ అన్న, అప్పటికే మీసాలొస్తున్నవాడు, రక్తం చూడగానే మొదలు నరికిన చెట్టులా కూలిపోయాడు. దాంతో క్లినిక్కులో దీపం పట్టుకునే పని ఈ పిల్ల మీద పడింది. క్లినిక్ చూసుకునే రొజేర్ తిబొడో కుట్లు వేసినంతసేపూ అది కన్ను తిప్పలేదు, దీపం కదపలేదు. పైగా, "ఆ చివర ఒకటి వదిలేశావు పారెన్" అని, జ్ఞానతండ్రి అయిన ఆయనకే గుర్తుచేసింది.

"లూసియాన్, నీ కూతుర్ని నేను లాగేసుకుంటున్నానోయ్! నా కుర్చీ ఇక దీనిదే" అన్నాడు రొజేర్.

సరదాకి అన్నమాటే. కానీ మా సెయింట్ మార్సెల్‌లో సరదాకి అన్న మాటలకే విలువెక్కువ. ఆదివారం పూజ అయ్యేసరికి ఆ సంగతి ఊరంతా పాకింది. ఆ రోజు నుంచీ లిజెట్ ఎక్కడ కనిపించినా ముసలివాళ్ళు మోకాళ్ళు చూపించి, "డాక్టరమ్మా, ఇక్కడ కాస్త సలుపుగా ఉంది" అనేవాళ్ళు. ఆ పిల్ల కూడా గంభీరంగా వంగి చూసి, "తగ్గిపోతుంది" అనేది.

నిజానికి రొజేర్ డాక్టరు కాదు. ఫిజీషియన్ అసిస్టెంటు. అందరూ పీఏ అంటారు. రోగిని చూడటం, మందు రాయడం, కుట్లు వేయడం, ఎముక విరిగితే కట్టు కట్టడం అన్నీ ఆయనే. పైన సంతకానికి పెద్ద ఊళ్ళో ఒక డాక్టరుండేవాడు గానీ, మంచు పడే నెలల్లో ఆయన మొహం చూసినవాడు లేడు. మేన్ రాష్ట్రం పైకొసన, నది దాటితే కెనడా వచ్చే ఈ లోయకి చదువుకున్న వైద్యుడు రావడమే గగనం, వచ్చినా రెండు చలికాలాలకి మించి నిలవడు. సైన్యంలో గాయాలకి కట్లు కట్టి, ఆ తర్వాత పీఏ స్కూలు చదివి, తిరిగి పుట్టిన ఊరికే వచ్చినవాడు రొజేర్ ఒక్కడే. అందుకని ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆయన పేరే తలుచుకునేవారు, దేవుడి పేరు తర్వాత.

లిజెట్‌కి ఆయన అంతకన్నా ఎక్కువ. ఆమె పారెన్, అంటే జ్ఞానస్నానం రోజున చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి. మా లోయలో పిల్లల చదువు, పెళ్ళి, ఉద్యోగం ఏది తేలాలన్నా పారెన్‌ని అడగాల్సిందే. ఆయన ఒక మాట చెప్పాక ఇంకొకరిని అడగడమంటే ఆయన మొహాన ఉమ్మినట్టే లెక్క. ఇదెంత వెర్రి పద్ధతో బయటివాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. మాకు మాత్రం దెబ్బ తగిలాక గానీ తెలియదు, తెలిశాక కూడా మానం.

హైస్కూల్లో ఉండగానే లిజెట్ సాయంత్రాలు క్లినిక్కులో పనిచేసేది. మంచాల మీద దుప్పట్లు మార్చడం, బీపీ చూడటం, ఏడ్చే పిల్లల్ని పట్టుకోవడం. నర్సింగు సహాయకురాలి పరీక్ష కూడా రాసి పాసైంది. ఆఖరి సంవత్సరం వచ్చేసరికి రాష్ట్ర యూనివర్సిటీలో బయాలజీకి సీటు వచ్చింది. ఊరికి దక్షిణంగా కారులో సగం పూట ప్రయాణం. అమ్మాయి కాళ్ళు నేల మీద లేవు.

ఒకరోజు రొజేర్ ఎవరో ముసలావిడ కాలిపుండు చూడటానికి వెళ్తూ లిజెట్‌ని ట్రక్కులో ఎక్కించుకున్నాడు. ఊరు దాటాక అడిగాడు.

"ఏం చదువుదామనుకుంటున్నావే?"

"బయాలజీ. సీటొచ్చిందని చెప్పాగా పారెన్!"

"బయాలజీ చదివి? కప్పల్ని కోస్తావా? మన క్లినిక్కుకి కప్పలేం రావే, అన్నీ మనుషులే."

లిజెట్ నవ్వింది. "పీఏ స్కూలుకి వెళ్ళాలంటే అదే మంచిదని మా టీచరు చెప్పింది."

"మీ టీచరు పీఏనా, నేను పీఏనా?"

"నువ్వే."

"అయితే విను. పీఏ స్కూళ్ళకి డిగ్రీ ఏదైనా ఒకటే. చరిత్ర చదివినవాళ్ళనీ తీసుకుంటారు, వంటలు చదివినవాళ్ళనీ తీసుకుంటారు. వాళ్ళకి కావాల్సింది రోగుల దగ్గర ఎంత పనిచేశావు అన్నది. అది నీకు నా దగ్గర దొరికినంత ఇంకెక్కడా దొరకదు. మన పక్క ఊరి కాలేజీలో ఆసుపత్రి నిర్వహణ అని ఒక కోర్సుంది, అది తీసుకో. పొద్దున్న క్లాసులు, మధ్యాహ్నం క్లినిక్. ఇంట్లోనే ఉంటావు, మీ అమ్మ చేతి అట్లు తింటావు. రేపు పీఏవి అయ్యాక క్లినిక్ నడపాల్సింది కూడా నువ్వేగా?"

"మరి కెమిస్ట్రీ? చాలా చెయ్యాలంట కదా."

"నర్సింగు పిల్లలకి చెప్పే చిన్న కెమిస్ట్రీ ఒకటుంటుంది, చాలు. అనాటమీ కంప్యూటర్లో కానిచ్చెయ్."

"ల్యాబు అక్కర్లేదా?"

"అనాటమీకి ల్యాబెందుకే పిచ్చిమొహమా! పొద్దస్తమానం నా దగ్గర చూసేది ఏంటి మరి?"

డిగ్రీ ఏదైనా ఒకటే అన్నది అక్షరాలా నిజం. చేదు మందులో తేనె కలిపినట్టు ఆ ఒక్క నిజం మిగతాదాన్నంతా గొంతులోంచి దింపేసింది. డిగ్రీ ఏదైనా, లోపల చదవాల్సిన కెమిస్ట్రీలు, ల్యాబులు మాత్రం ఏవి పడితే అవి పనికిరావు. ఆ మాట ఆ ట్రక్కులో ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు.

లిజెట్ యూనివర్సిటీ సీటు వదులుకుంది. దానికోసం ఒక పూట ఏడ్చింది కూడా. స్నేహితురాళ్ళు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతుంటే వంతెన దాకా వెళ్ళి చెయ్యి ఊపి వచ్చింది. కాలేజీలో చేరిన కొత్తలో అక్కడి సలహాదారు ఒకావిడ, "పీఏ అవుదామనుకుంటున్నావా? మరి పెద్ద కెమిస్ట్రీ తీసుకోవా?" అని అడిగింది. లిజెట్ ధీమాగా, "అక్కర్లేదండీ. మా పారెన్ పీఏ" అంది. ఆవిడ కూడా లోయ మనిషే. పారెన్ అన్న మాట వినగానే నోరు మూసుకుంది.

ఆ చదువు సాగినంత కాలం క్లినిక్ మెల్లగా ఆమె చేతుల్లోకి వచ్చింది. ఎవరికి ఎప్పుడు రమ్మని చెప్పాలో, ఏ ముసలాయన మందు మింగానని అబద్ధం చెబుతాడో, ఇన్సూరెన్సు వాళ్ళతో ఎలా పోట్లాడాలో అన్నీ ఆమెకే తెలుసు. రొజేర్ మధ్యాహ్నం మూడింటికే టోపీ పెట్టుకుని, "నువ్వున్నావుగా తల్లీ" అని ఇంటికెళ్ళిపోయేవాడు. శరత్కాలంలో మాత్రం కొన్ని రోజులు దక్షిణానికి వెళ్ళేవాడు. లైసెన్సు నిలబెట్టుకోవాలంటే పాఠాలు వినాలి, తప్పదు అనేవాడు. పీఏలకి ఆ నియమం ఉన్నమాట నిజమే కాబట్టి ఎవరూ మారు మాట అడగలేదు.

డిగ్రీ చేతికొచ్చింది. లిజెట్ పీఏ స్కూళ్ళకి దరఖాస్తులు పెట్టింది. ఒక్కరూ ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు.

"వాళ్ళ ఖర్మ! వచ్చే ఏడు మళ్ళీ పెట్టు. ఈసారి సిఫార్సు నేను ఇంకా గట్టిగా రాస్తాను" అన్నాడు రొజేర్.

గట్టిగానే రాశాడు. "నా జీవితంలో ఇంత మంచి చెయ్యి చూడలేదు" అని రాసి ఆమెకే చదివి వినిపించాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. రెండోసారీ ఎవరూ పిలవలేదు.

ఊరి నోరు ఊరుకుంటుందా! చర్చి హాల్లో చిక్కుడుగింజల భోజనాల రోజున పళ్ళెం పట్టుకుని నిలబడితే, "ఏమ్మా డాక్టరమ్మా, ఆ కుర్చీలో ఎప్పుడు కూర్చుంటావు? రొజేర్ అందులోనే పోయేలా ఉన్నాడు" అని ఒకడు. "పరీక్షలు బాగా కష్టమట లేవయ్యా, పాపం అందరికీ వస్తాయా" అని ఇంకొకామె జాలి. వెక్కిరింపుకన్నా ఆ జాలే లిజెట్‌కి ఎక్కువ గుచ్చుకునేది. తను మొద్దు కాబోలనుకుంది. చిన్నప్పటి నుంచీ అందరూ తెలివైనదానివి అన్నది చిన్న ఊరి ముచ్చటే తప్ప నిజం కాదేమోనని నమ్మడం మొదలెట్టింది. పుస్తకం తెరవాలంటే భయం పట్టుకుంది. మూడోసారి కూడా వద్దన్నాక క్లినిక్కులో మందుల గదిలో తలుపేసుకుని ఏడుస్తుంటే, రొజేర్ లోపలికొచ్చి తల నిమిరాడు.

"ఏడవకే. నీకు రాసిపెట్టి ఉంటే వస్తుంది. లేకపోతే ఇక్కడ నీకేం తక్కువ చెప్పు?"

ఆ శరత్కాలం, మొదటి మంచు పడకముందే, లిజెట్ జీవితంలో మొదటిసారి పారెన్‌కి చెప్పకుండా ఒక పని చేసింది. దక్షిణాన ఉన్న పీఏ స్కూలు వాళ్ళు, చేరదలచినవాళ్ళు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని ఒక రోజు పెట్టారు. తండ్రి కారు అడిగి తీసుకుని, క్లినిక్కుకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళింది. తనెందుకు పనికిరాలేదో వాళ్ళ నోటితో వినాలనుకుంది. దారంతా ఆయనకి ద్రోహం చేస్తున్నట్టే అనిపించింది.

వచ్చినవాళ్ళకి గదులు చూపించినావిడ రెండో సంవత్సరం విద్యార్థిని, ముప్పై దాటినట్టుంది. "మీరు డిగ్రీలో ఏం చదివారండీ?" అని అడిగింది లిజెట్.

"ట్రాంబోన్."

"ఏంటీ?"

"ట్రాంబోన్ బూర వాయించడం. ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళలో వాయించాను కూడా. తర్వాత బుద్ధొచ్చి సాయంత్రం క్లాసుల్లో కెమిస్ట్రీలు, అనాటమీ ల్యాబూ కూర్చుని చేశాను. అవుంటే చాలు, వీళ్ళకి ఇంకేదీ పట్టదు."

లిజెట్ నవ్వింది. దరఖాస్తులు చూసే బెవర్లీ హాస్కెల్ అనే ఆవిడ గదికి వెళ్ళి పేరు చెప్పింది. ఆవిడ కంప్యూటర్లో వెతికి, అద్దాలు పైకి తోసి, చాలాసేపు చూసింది.

"రోగుల దగ్గర మీరు పనిచేసినంత ఇక్కడ ఎవరూ చేసి ఉండరు. మార్కులు కూడా మంచివే. కానీ ల్యాబుతో ఉన్న కెమిస్ట్రీ ఒక్కటీ లేదు. అనాటమీ ల్యాబు లేదు. అవి లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుందమ్మా, మనిషి చేతి దాకా రాదు. మూడుసార్లూ అదే జరిగింది."

"అంటే… సిఫార్సు కూడా ఎవరూ చదవలేదా?"

"చదవలేదు. అసలు ఈ కోర్సులు తీసుకోమని ఎవరు చెప్పారు మీకు?"

"మా ఊళ్ళో పీఏ. ఆయన చాలాకాలం కిందట చదివారు. ఇప్పటి నియమాలు తెలిసుండవు" అంది లిజెట్ కంగారుగా. అప్పుడు కూడా ఆయన్ని కాపాడటానికే చూసింది.

"ఏ ఊరన్నారు? సెయింట్ మార్సెలా!" బెవర్లీ మొహం విప్పారింది. "అయితే మీకు రొజేర్ తెలిసే ఉండాలే! మా రొజేర్ తిబొడో! ఎన్నో ఏళ్ళుగా ప్రతి శరత్కాలం ఇంటర్వ్యూలు చెయ్యడానికి వస్తాడు. ల్యాబు కెమిస్ట్రీ విషయంలో ఆయనంత ఖచ్చితం ఇంకెవరూ ఉండరు. ఆ నియమం పెట్టించినవాళ్ళలో ఆయన కూడా ఒకడు. ఆయన్ని అడగకపోయారా?"

లిజెట్ థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. తిరుగు ప్రయాణమంతా సాకులు అల్లింది. ఇంకెవరో రొజేర్ అయ్యుంటాడు. మర్చిపోయి ఉంటాడు. వయసు మీదపడింది కదా. ఊరి పొలిమేర వచ్చేసరికి ఆ సాకులన్నిటినీ దాదాపు నమ్మేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి రొజేర్ పెరట్లో చలికాలానికి కట్టెలు చీలుస్తున్నాడు.

"ఎక్కడికి పోయావే? నిన్నంతా క్లినిక్ గోలగోల. ఏది ఎక్కడుందో ఒక్కడికీ తెలీదు."

"పీఏ స్కూలుకెళ్ళాను."

గొడ్డలి ఆగలేదు. చేతిలో ఉన్న దుంగ చీల్చి, ముక్కలు రెండూ పక్కన పడేసి, అప్పుడు తలెత్తాడు.

"బెవర్లీ ఎలా ఉంది?" అన్నాడు.

దారంతా అల్లుకొచ్చిన సాకులు ఆ ఒక్క ప్రశ్నతో మట్టికొట్టుకుపోయాయి. కాస్తయినా బుకాయిస్తాడనుకుంది. బుకాయిస్తే నమ్మడానికి కూడా సిద్ధపడి వచ్చింది.

"తెలిసే చెప్పారన్నమాట మీరు."

"ఏంటే, మీరు అంటున్నావు?"

"ఏ కెమిస్ట్రీ కావాలో తెలుసు. అనాటమీ కంప్యూటర్లో చేస్తే చెల్లదని తెలుసు. తెలిసే నన్ను ఆ కాలేజీలో పడేశారు."

"కూర్చో ముందు."

"కూర్చోను."

రొజేర్ తనే దుంగ మీద కూలబడ్డాడు. "నీకన్నా ముందు నలుగురిని పంపాను ఇక్కణ్ణుంచి. నీకు చెప్పనివన్నీ వాళ్ళకి చెప్పాను. దగ్గరుండి చదివించాను. నలుగురికీ సీట్లొచ్చాయి. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తిరిగొచ్చాడా? వస్తామనే చెప్పారు, ఇదే పెరట్లో నిలబడి నా చేతులు పట్టుకుని మరీ చెప్పారు. ఒకడు పోర్ట్‌లాండ్‌లో ఆడవాళ్ళ మొహాల మీద ముడతలు తీస్తున్నాడు. ఒకత్తి ఫ్లోరిడాలో ఉంది, క్రిస్మస్‌కి బీచ్ ఫొటో పంపుతుంది."

"నేను వచ్చేదాన్ని."

"వాళ్ళూ అదే అన్నారు."

"నేను వచ్చేదాన్ని! నాకు ఈ కుర్చీ తప్ప ఇంకేం కావాలి? పదకొండేళ్ళప్పటి నుంచీ ఇంకేం అడిగాను?"

"నేనెంతకాలం ఉంటానే? నేను పోతే మర్నాడే ఈ క్లినిక్ మూసేస్తారు. నీలాంటిది ఒకత్తి లోపల కూర్చుని నడిపిస్తుంటే తలుపులైనా తెరుచుకుంటాయి, అప్పుడప్పుడూ ఎవడో ఒక డాక్టరు వచ్చి చూసిపోతాడు. అందుకే నిర్వహణ చదివించాను. ఊరి కోసం చేశాను తల్లీ, నా కోసం కాదు."

"ఊరి కోసమే అయితే నన్నే అడగాల్సింది. వెళ్ళకే, ఉండిపోవే అని ఒక్కమాట. ఆ మాటకే ఉండిపోయేదాన్నేమో! అడగలేదు మీరు. మొద్దుదాన్నని మూడేళ్ళు ఏడ్చాను. ఆ ఏడుపు ఎందుకో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో మీరొక్కరే. తెలిసుండి నా తల నిమిరారు. ఎవరూ చదవరని తెలిసి సిఫార్సు రాసి, నాకు చదివి వినిపించి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"అది తప్పే" అన్నాడు రొజేర్, చాలా చిన్న గొంతుతో. "ఆ ఏడుపు చూడలేకపోయేవాణ్ణి."

"చూస్తూనే ఉన్నారుగా" అని వచ్చేసింది లిజెట్.

ఇంటికొచ్చేసరికి తల్లి క్లోదెట్ పెనం మీద బక్‌వీట్ పిండి అట్లు పోస్తోంది. ఒకవైపే కాల్చే పలుచని అట్లు, పెనం మీద నుంచి క్షణం చూపు తిప్పినా అడుగంటుతాయి. లిజెట్ గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది. తల్లి వచ్చి పట్టుకుంటుందని, ఆ ముసలాయన్ని నాలుగు తిట్టి తనని దగ్గరికి తీసుకుంటుందని చూసింది. క్లోదెట్ వెనక్కి తిరగలేదు. అట్టు మాడు వాసన వస్తున్నా తియ్యలేదు.

"అమ్మా?"

"ఆయన ముందే నాతో అన్నాడే" అంది క్లోదెట్, పెనంతో మాట్లాడుతున్నట్టు.

"ఏమని?"

"బయాలజీ అంటే వెళ్ళిపోతుంది, దగ్గర్లో చదివేది ఏదైనా చెప్తాను, నువ్వు అడ్డు చెప్పకు అని. పారెన్ కదా, నీ మంచికే చెప్తాడనుకున్నా. సీటు రాకుండా చేస్తాడని నాకు తెలీదు."

"మొదటి ఏడు సీటు రానప్పుడు తెలిసిందా?"

క్లోదెట్ మాడిన అట్టు తీసి పక్కన పడేసింది.

"రెండో ఏడు?"

"నువ్వు ఇంట్లో ఉన్నావు, రోజూ కళ్ళముందు కనిపిస్తున్నావు…" అని ఏడవడం మొదలెట్టింది తల్లి. లిజెట్‌కి ఆ ఏడుపు చూసి జాలి కలగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతమంది పెద్దవాళ్ళు తన బతుకు గురించి మాట్లాడుకుని ఒక మాట మీదికొచ్చారు, తను మాత్రం పక్క గదిలో కూర్చుని అనాటమీ బొమ్మలకి రంగులేసుకుంటోంది. లూసియాన్‌కి ఈ సంగతేదీ తెలియదు. సాయంత్రం తెలిశాక కుట్లు పడిన చెయ్యి ఒకసారి చూసుకుని, కూతురికి కారు తాళాలు ఇచ్చేశాడు. ఆయన మాటలు తక్కువ మనిషి.

యూనివర్సిటీ ఊళ్ళో లిజెట్ ఒక గది తీసుకుంది. పగలు వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, సాయంత్రం పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని కెమిస్ట్రీ మొదటి నుంచీ చదివింది. ల్యాబులో జంటగా వచ్చిన కుర్రాడు ఆమెని మేడమ్ అని పిలిచేవాడు. మొదటి పరీక్షలో క్లాసుకే ఎక్కువ మార్కులు వచ్చాయని తెలిసిన రోజున లిజెట్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సంతోషంతో కాదు, కోపంతో. తను మొద్దు కాదు. ఎప్పుడూ కాదు. మొద్దునని నమ్మించడానికి ఎవరూ ఒక్క మాట కూడా అనక్కర్లేకపోయింది, పక్కన నిలబడి ఊరుకున్నారు, అంతే.

రొజేర్ ఎవరి చేతో దుంపలు పంపాడు, తిప్పి పంపేసింది. సిఫార్సు రాస్తానని కబురు పెట్టాడు, అక్కర్లేదంది. ఈసారి కొత్తగా ఆమె పని చూసిన వాళ్ళే రాశారు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

గదిలో ముగ్గురున్నారు. రొజేర్ లేడు. ఆ ఏడు తనని పక్కన పెట్టమని ఆయనే అడిగాడని బెవర్లీ గుమ్మంలో చెప్పింది. మొదట అన్నీ తెలిసిన ప్రశ్నలే వచ్చాయి. తర్వాత మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టు డాక్టరు కాగితాల మీంచి తలెత్తాడు.

"మీ మొదటి డిగ్రీ ఆసుపత్రి నిర్వహణ. తర్వాత ఇన్నేళ్ళకి వచ్చి కెమిస్ట్రీలన్నీ చేశారు. ముందే ఎందుకు చెయ్యలేదు? ఆ డిగ్రీ ఎందుకు ఎంచుకున్నారు?"

"నేను ఎంచుకోలేదండీ. నేను నమ్మిన మనిషి ఎంచిపెట్టారు. నేను ఇంకెవర్నీ అడగలేదు, అది నా తప్పు" అంది లిజెట్.

ఆయన ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూసి, ఇక చెప్పదని తెలిశాక తల ఊపాడు. "ఇంకొక్క మాట. ఉత్తరాన మనుషుల కొరత మీకు తెలుసు. అక్కడివాళ్ళు వస్తే మాకు సంతోషం. చదువయ్యాక మీ ఊరికి తిరిగి వెళ్తారు కదా?"

ఈ ప్రశ్నకి ఏ జవాబు చెబితే సీటొస్తుందో ఆ గదిలో గోడలకి కూడా తెలుసు. ఒక్క 'అవును' చాలు. ఆ మాట వినడానికే డాక్టరు కలం పట్టుకుని ఉన్నాడు. ఒకప్పుడైతే ఇదేం ప్రశ్న అని నవ్వేది. తెల్లకోటు వేసుకుని ఆ క్లినిక్కు మెట్లెక్కడం ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. ఇప్పుడు ఆ మెట్లు తలుచుకుంటే పైన ఎవరెవరు నిలబడి ఉంటారో కనిపించింది.

"వెళ్ళనండీ" అంది.

"వెళ్ళరా?"

"పల్లెటూళ్ళలోనే పనిచేస్తాను. ఉత్తరానే, ఎంత చిన్న ఊరైనా సరే. మా ఊరికి మాత్రం వెళ్ళను. నేను తిరిగి రానేమోనని భయపడి నన్ను కదలనివ్వలేదు అక్కడ. అప్పుడు వదిలేసి ఉంటే తప్పకుండా వెళ్ళేదాన్ని. నిజం అడిగారు కాబట్టి చెప్తున్నాను."

డాక్టరు ఏదో రాసుకున్నాడు. పక్కనున్నావిడ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. లిజెట్ తాగలేదు. తన నోటితోనే తన సీటు పోగొట్టుకున్నాననుకుంటూ బయటికొచ్చింది.

పోలేదు. వసంతకాలంలో మంచు కరుగుతుండగా సీటు వచ్చింది. ఆ సాయంత్రం తండ్రికి చెబుదామని ఫోన్ చేస్తే క్లోదెట్ ఎత్తింది. విని, ముక్కు చీదుకుంటూ, "పారెన్ ఇక్కడే ఉన్నాడే, మొన్నటి నుంచీ అడుగుతున్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. చదువయ్యాక ఎప్పుడొస్తావని ఒకటే ధ్యాస. ఏం చెప్పమంటావు?" అంది.

"నన్నెందుకు అడుగుతావమ్మా?" అంది లిజెట్. "నా గురించి మీరిద్దరూ మాట్లాడుకోవడానికి నాతో ఎప్పుడు పనిపడింది? ఇది కూడా మీరే తేల్చుకోండి."

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, రొజేర్ దగ్గు వినిపించాయి. లిజెట్ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత గదిలో ఒక్కతే కూర్చుని, ఊరికి వెళ్ళాలని ఉందని బిగ్గరగా ఏడ్చింది.